తోక లేని కోడి

స్నేహితుణ్ణి సాగనంపడం, దారిలో ఒక కాఫీ తాగడం, వారం ఆగి తోక లేని కోడి సంగతి అడగడం. ఆ ఉదయం బూన్‌టెక్ అనుకున్నది ఇంతే.

ముప్ఫయ్యేళ్ళపాటు కిమ్‌స్వీ, తనూ మలక్కా ఊళ్ళో సందులన్నీ గాలించి రాగిబిళ్ళలు పోగుచేశారు. తెల్లదొరల కాలంలో సింగపూరు వర్తకులు చిల్లర కింద చలామణీ చేసినవి. కోడిబొమ్మ ఉన్న ఆ పన్నెండు బిళ్ళలూ కిమ్‌స్వీ డబ్బాలో ఉండేవి. ఒకదాని మీద అచ్చు తప్పి కోడికి తోక పడలేదు.

"నేను పోయాక అది నీదేరా" అనేవాడు కిమ్‌స్వీ.

"ముందు నువ్వు పో, తర్వాత చూద్దాం" అనేవాడు బూన్‌టెక్.

నిజంగానే పోయాడు. ఎందుకన్నానా ఆ మాట అని బూన్‌టెక్ కుమిలిపోతున్నాడు.

శ్మశానం నుంచి తిరిగి వెళ్ళేవాళ్ళందరికీ తలా ఒక ఎర్రకాగితం పొట్లం ఇచ్చారు. అందులో ఒక మిఠాయి, ఒక నాణెం. ఆ నాణెం ఇల్లు చేరేలోగా ఖర్చుపెట్టెయ్యాలి. ఇంట్లోకి తెస్తే చావు వెంట వస్తుందంటారు.

కాఫీకొట్లో అప్పటికే ఒక ముసలాయన తగువు పెట్టుకున్నాడు.

"ఈ కోడేంటి తాతా? ఏ దేశం చిల్లర ఇది?" అంటున్నాడు కొట్టువాడు.

"పొట్లంలో ఇదే వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళకూడదయ్యా, పట్టు!"

అది కిమ్‌స్వీ డబ్బాలోని బిళ్ళేనని బూన్‌టెక్ గుర్తుపట్టాడు. ముసలాయన చేతిలో ఒక రింగిట్ నోటు పెట్టి, బిళ్ళ లాక్కుని వీధిలోకి ఉరికాడు.

"ఆగండి! పొట్లాలు వెనక్కివ్వండి!"

పోయినవాడే ఇతని నోట వెనక్కి అడుగుతున్నాడనుకుని జనం హడలిపోయారు. వాళ్ళు పరిగెత్తినకొద్దీ ఇతనూ పరిగెత్తాడు. ఒకావిడ భయంతో బిళ్ళను వంతెన మీంచి నదిలోకి విసిరేసింది. సాయంత్రానికి పది దొరికాయి. పదింటికీ తోకలున్నాయి.

మోకాళ్ళదాకా బురదతో కిమ్‌స్వీ భార్య బీచూ ముందు నిలబడి బూన్‌టెక్ భోరుమన్నాడు.

"నదిలో పోయింది వదినా. వాడు నాకిస్తానన్నది నదిలో పోయింది."

బీచూ తల పట్టుకుంది. "మా చెల్లెలి తెలివి తెల్లారినట్టే ఉంది! నేను డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి నీ పొట్లంలో పెడుతుంటే చూసి, అందరికీ అవే పెట్టాలనుకుంది. ఇంతకీ నీ పొట్లం విప్పావా?"

విప్పలేదు. జేబులోంచి తీసి ఇప్పుడు విప్పాడు. కరిగిన మిఠాయికి అంటుకుని తోక లేని కోడి ఉంది. ఈ సంగతి వింటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు ప్రపంచంలో ఒక్కడే. వాణ్ణి ఆ పొద్దునే పూడ్చి వచ్చారు. బూన్‌టెక్‌కు మళ్ళీ ఏడుపు ముంచుకొచ్చింది.

ఇంటికి చేరితే గుమ్మంలో బూన్‌టెక్ భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"నాణెం ఖర్చుపెట్టారా?"

"లేదు. పెట్టలేను."

"అయితే అది గడప దాటడానికి వీల్లేదు."

బిళ్ళను వాకిట్లో మల్లె కుండీ కింద దాచాడు. చూడాలనిపించినప్పుడల్లా మొక్కకు నీళ్ళు పోసి వస్తానని లేచేవాడు.

నీళ్ళెక్కువై ఆ మొక్క నెల తిరక్కుండానే చచ్చిపోయింది.