డ్యూయల్ కోరూ, మా అత్తగారి స్టీరింగూ

ఎనిమిది కోర్ల ప్రాసెసరు పెట్టుకుని కంప్యూటర్లో గేమ్స్ ఆడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకు ఆట ఆగదు. ఆట ఆగకపోతే మనిషి టీ తాగేదెప్పుడు? నడుం చాపేదెప్పుడు? ఓడిపోతే నెపం వెయ్యడానికి ఇంట్లో ఎవరున్నారు?

నా మాట వినండి. గేమింగుకు డ్యూయల్ కోర్‌ని మించింది లేదు. రెండే కోర్లు, అంటే కంప్యూటరు లోపల పనివాళ్లు ఇద్దరే అన్నమాట. ఒకడు బొమ్మ చూసుకుంటాడు, రెండోవాడు మిగతా చాకిరీ అంతా చేస్తాడు. ఇంతలో యాంటీవైరస్ నిద్ర లేచిందంటే ఇద్దరూ ఆట వదిలేసి దాని వెంట పోతారు. తెర మీద కారు మలుపులో అలాగే నిలబడిపోతుంది. ఆహా, ఎంత ప్రశాంతత!

తుపాకీల ఆట ఆడి చూడండి. ఎనిమిది కోర్లవాడికి గుండు తగలగానే చచ్చిపోయానని తెలిసిపోతుంది. నాకు ఆ సంగతి తీరిగ్గా తెలుస్తుంది. అంతసేపూ నేను నిశ్చింతగా తిరుగుతూ ఉంటాను. పోయేముందు అంత నిబ్బరం ఎంతమందికి దక్కుతుంది?

గేమింగు వల్ల సంసారాలు పాడైపోతున్నాయని గోల పెడుతుంటారు కదా. మా ఇంట్లో గేమ్ లోడయ్యేలోపు మా ఆవిడ నా చేత దుప్పట్లన్నీ మడత పెట్టిస్తుంది. పెద్ద గేమ్ అయితే దిండు గలీబులు కూడా. కేబినెట్ వెనకనుంచి వచ్చే వేడికి నా సాక్సులు ఇట్టే ఆరిపోతాయి. ఇన్ని పనులు చేసిపెట్టే యంత్రాన్ని పట్టుకుని స్లో అంటారా?

వేగం గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పంతొమ్మిదేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. పగలంతా కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చి కార్ల రేసు ఆడతాను. ఎవరితో అంటారా? మా అత్తగారితో.

నవ్వకండి. ఆవిడ ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసిన మనిషి. కూర్చుని చేసే పని ఏదైనా అవలీలగా చేసేస్తారు. బస్సు మెట్లంటేనే మోకాళ్లు మొరాయిస్తాయి. ఆవిడ అక్కగారు ఊరికి అటు చివర ఉంటారు. వారానికొకసారి, ఎవర్నీ బతిమాలుకోకుండా, తనే కారు నడుపుకుంటూ వెళ్లి అక్కగారిని చూసి రావాలని ఆవిడ కోరిక.

నా స్కూల్లో ఒక పద్ధతుంది. నేను దగ్గర కూర్చుని చూసి, ఫారం మీద సంతకం పెడితేగానీ ఎవరూ లైసెన్సు పరీక్షకు వెళ్లరు. అత్తగారిని రెండుసార్లు అలా పరీక్ష చేసి, రెండుసార్లూ ఫారం మీద ఒకటే మాట రాశాను: ‘మలుపుల దగ్గర బండి ఊరికే ఆగిపోతోంది.’ సొంత అత్తగారైనంత మాత్రాన వృత్తిధర్మం తప్పుతానా?

“ఇంకొక్కసారి చూడకూడదా అల్లుడుగారూ?” అని ఆవిడ అడిగారు.

“ముందు గేమ్‌లో నన్ను ఒక్కసారి ఓడించండి అత్తయ్యగారూ. తర్వాత కారు సంగతి చూద్దాం,” అన్నాను.

ఒకే తెర. పై సగం ఆవిడది, కింది సగం నాది. నియమం కూడా ఒకటే: మధ్యలో తెర ఆగిపోతే ఆ రేసు చెల్లదు. నియమం పెట్టింది నేనే. ఆటలో న్యాయం ఉండాలి కదా!

ఏడాదిలో అరవైమూడు రేసులు ఆడాం. ఒక్కటీ చెల్లలేదు. సొరంగం ముందున్న మలుపు దగ్గరికి వచ్చేసరికి డ్యూయల్ కోర్ ఊపిరి బిగబట్టేది. అప్పటికి ప్రతిసారీ ఆవిడ కారే ముందుండేదంటే అది ఆవిడ దురదృష్టం. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. “మళ్లీ మొదలెడదాం,” అనేవారు.

ఇప్పుడు చెప్పండి, ఏడాదిపాటు ఒక పెద్దమనిషి పరువు కాపాడిన ప్రాసెసరు మంచిదా కాదా?

అలాంటి ఇంట్లోకి మా బావమరిది వచ్చాడు. కంప్యూటర్లు బాగు చెయ్యడం వాడి పని. “బావా, లోపల దుమ్ము పట్టినట్టుంది, దులిపేస్తానుండు,” అని కేబినెట్ విప్పాడు. ఏం దులిపాడో ఏమో, పాత ప్రాసెసరు పోయి దుమ్ములోంచి ఎనిమిది కోర్లు బయటపడ్డాయి. ఆ సాయంత్రం నేను దుప్పటి ఒక కొస పట్టుకున్నానో లేదో, గేమ్ లోడైపోయింది.

సొరంగం ముందు మలుపు వచ్చింది. ఎలాగూ తెర ఆగుతుంది కదా అని అలవాటు కొద్దీ బ్రేకు నొక్కాను. తెర ఆగలేదు. నా కారొక్కటే ఆగింది. తర్వాతి మలుపులోనూ అంతే, ఆ తర్వాతా అంతే. అత్తగారు గీత దాటేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని నావైపు తిరిగారు.

“లైను కలిసింది అల్లుడుగారూ,” అన్నారు.

మర్నాడు పొద్దున్నే స్కూలు కారు తీశాం. నేర్పే కార్లలో పక్కన కూర్చునేవాడికి కూడా ఒక బ్రేకు ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. మొదటి వీధి బాగానే దాటారు. మలుపు తిరగబోతుండగా బండి ఆగిపోయింది.

“చూశారా, మళ్లీ ఆగింది,” అంటూ జేబులోంచి పెన్ను తీశాను.

ఆవిడ నింపాదిగా హ్యాండ్‌బ్రేకు లాగి, తల వంచి నా కాళ్లవైపు చూశారు. నేనూ చూసుకున్నాను. నా కుడికాలు బ్రేకు మీద ఉంది. పాదం తెల్లబడేంత గట్టిగా ఉంది.

“రెండోసారి పరీక్షప్పుడే చూశాను. అల్లుణ్ని ఏమంటాంలే అని ఊరుకున్నాను,” అన్నారు.

సిగ్గేసింది. నా చేత బ్రేకు నొక్కించింది బండికేమవుతుందోనన్న భయం కాదు, ఆవిడకేమవుతుందోనన్న భయమూ కాదు. ఇంట్లో నన్ను బతిమాలే మనిషి ఆవిడొక్కరే. స్టీరింగు చేతికొస్తే ఇక నన్ను అడిగే పనేముంది? అదీ అసలు సంగతి.

రెండు కాళ్లూ సీటు కిందికి ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడ ఆరు మలుపులు తిప్పారు. బండి ఎక్కడా ఆగలేదు. సంతకం పెట్టాను. నెల తిరక్కుండా లైసెన్సు కూడా వచ్చేసింది.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను, దయచేసి ఎనిమిది కోర్ల జోలికి పోకండి. ముందు ఆట ఆగడం మానేస్తుంది, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ మనకోసం ఆగరు. పోయిన గురువారం అత్తగారు స్కూలు కారులో అక్కగారింటికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. ముందు తలుపు తియ్యబోయాను.

“వెనక కూర్చోండి అల్లుడుగారూ,” అన్నారు. “అక్కడైతే కాళ్లకు పని ఉండదు.”