ఖాళీ కాగితానికి ముద్ర

శుక్రవారం పొద్దున గ్లేబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పాటల పరిశీలన కార్యాలయంలో కాగితం మీద ముద్ర వేయించుకోవడం, సాయంత్రం కార్మికుల క్లబ్బులో తన రాక్ బృందంతో గిటారు వాయించడం. ఆ వేదిక కోసం అతను మూడేళ్లు ఎదురుచూశాడు. ఆ సోవియట్ రోజుల్లో లెనిన్‌గ్రాద్‌లో ముద్ర పడని పాట వేదిక ఎక్కేది కాదు. చిక్కల్లా, అతని పాటలో మాటలే లేవు. అందుకని పైన 'ఐదో నంబరు ట్రాలీబస్సు' అని పేరు రాసి, కింద ఖాళీగా వదిలి ఇచ్చాడు.

గుమాస్తా జినాయిదా అర్కాద్యేవ్నా కాగితం తిప్పి చూసింది.

"మాటలేవయ్యా?"

"లేవండీ. ఉత్త వాయింపే."

"రాసినవాడు ఏమన్నాడో చదివి తెలుసుకుంటాను. రాయనివాడు ఏమనుకుంటున్నాడో నాకెవరు చెప్పాలి?"

ఎందుకైనా మంచిదని ఆవిడ దాన్ని పై అధికారి లాప్‌తెవ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన కాగితాన్ని దీపానికి అడ్డంపెట్టి చూశాడు. నిమ్మరసంతో రాసి ఉంటే వేడికి బయటపడుతుందని ఇస్త్రీ కూడా చేయించాడు. కాగితం నున్నగా అయిందే తప్ప ఏమీ బయటపడలేదు. చివరికి ఇక్కడే వాయించి చూపించమన్నాడు.

గ్లేబ్ వెంట తెచ్చుకున్న గిటారు తీసి వాయించాడు. రెండడుగులు వేసి ఆగినట్టు, మళ్లీ రెండడుగులు వేసి ఆగినట్టు సాగే వరస అది. లాప్‌తెవ్ కళ్లు మూసుకుని విన్నాడు.

"అచ్చం మాంసం కొట్టు ముందు సాసేజీల క్యూలో నిలబడ్డట్టే ఉందే."

అనేశాక నాలిక కరుచుకున్నాడు; సరుకులకు క్యూలున్నాయని అధికారులు ఒప్పుకోకూడని రోజులవి. జినాయిదా తనకేమీ వినబడలేదంది, గిటారుతో సహా. అది ట్రాలీబస్సు స్టాపుల్లో ఆగడమని గ్లేబ్ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. క్యూ అన్న మాట అధికారి నోట్లోంచి వచ్చింది, ఇప్పుడు దాన్ని అధికారే తుడిచెయ్యాలి. లాప్‌తెవ్ కలం తీసి స్వయంగా నాలుగు చరణాలు రాసి, ముద్ర గుద్ది, ఇవి పాడితేనే వేదిక అన్నాడు. గ్లేబ్‌కు ఏడుపొచ్చింది. అయినా మూడేళ్లు గుర్తొచ్చి ఒప్పుకున్నాడు.

సాయంత్రం హాలు నిండింది. పని దిగి, కొట్ల ముందు నిలబడి నిలబడి, సంచులతో అలాగే వచ్చిన జనం. గిటారు రెండడుగులు వేసి ఆగింది. గ్లేబ్ గొంతెత్తాడు: "మన కొట్లన్నీ కళకళ, ఎక్కడుంది క్యూ, ఎక్కడుంది క్యూ?"

ముందు వరుసలో ఒక పెద్దావిడ ఖాళీ సంచి పైకెత్తింది. "నా వెనకే ఉంది నాయనా, వచ్చి నిలబడు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆ చరణాన్ని మూడుసార్లు మళ్లీ పాడించుకున్నారు. ఇక ఈ జన్మకు తనను గిటారు ముట్టుకోనివ్వరని గ్లేబ్ అనుకున్నాడు.

సోమవారం పిలుపు రానే వచ్చింది. లాప్‌తెవ్ కుర్చీ ఖాళీగా ఉంది, ఒంట్లో బాగాలేదట. జినాయిదా ఉత్తర్వు చదివి వినిపించింది: ఈ బృందం ఇకమీదట మాటలున్న పాటలు పాడరాదు. గ్లేబ్ రెండో పాట కాగితం అందించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఆ ఖాళీ కాగితాన్ని రెండు వైపులా శ్రద్ధగా చదివి, ముద్ర వేసింది.

"ఈసారి బాగా రాశావు," అంది.