పదకొండు అంగుళాల ప్రెషర్

మధ్యాహ్నం విమానం దిగే కలకత్తా దంపతులను వ్యానెక్కించుకుని దీవి చివరున్న చిడియాటాపు బీచికి తీసుకెళ్లాలన్నది కన్నారావు ఆ ఉదయం వేసుకున్న పథకం. డెయిరీ ఫార్మ్ పేటలో ఇంటి ముందు నిలబెట్టిన ఆ పాత వ్యానులో మంచం, గ్యాస్ పొయ్యి, గ్యాసుతోనే నడిచే బుల్లి ఫ్రిజ్ బిగించడానికి అతనికి ఏడాది పట్టింది. ఇదే మొదటి బేరం. తీరా చూస్తే పొయ్యి మంట కునుకుపాట్లు పడుతోంది. ఫ్రిజ్ అసలు అంటుకోనే లేదు.

“మెకానిక్‌కి ఫోన్ చెయ్యి,” అంది భార్య మహాలక్ష్మమ్మ. ఆమె స్కూలు వ్యాను డ్రైవరు. ఆ రోజు సెలవు.

“నా వ్యాను నేనే సూసుకుంటాను. ప్రెషర్ సరయ్యేదాకా లేవను.”

సన్నని గొట్టాన్ని యు ఆకారంలో వంచి, స్కేలు బిగించిన చెక్కకు కట్టి, కనబడడానికి కుంకుమ కలిపిన నీళ్లు పోశాడు. ఒక కొసను పొయ్యి గ్యాస్ పైపుకు తగిలించాడు. గ్యాస్ తోస్తే ఒకవైపు నీళ్లు దిగి, రెండోవైపు ఎక్కుతాయి. ఆ రెండు మట్టాలకీ తేడా పదకొండు అంగుళాలుండాలి. ఒక బర్నరు వెలిగించి, చెక్కను భార్య చేతికిచ్చి, అడుగు అరలో ఉన్న రెగ్యులేటరు స్క్రూ తిప్పడానికి వెల్లకిలా దూరాడు. కాళ్లు మాత్రం వెనక తలుపులోంచి బయటికి వేలాడాయి.

పక్కింటి గవరమ్మకు మొదట కనిపించినవి ఆ కాళ్లే. తర్వాత, మహాలక్ష్మమ్మ ఎత్తి పట్టుకున్న ఎర్రటి గొట్టం.

“ఏటయింది దీదీ?”

మహాలక్ష్మమ్మ స్కేలు మీంచి కళ్లు తిప్పలేదు. “ప్రెషర్ పడిపోతోంది. ఎనిమిదికి దిగిపోనాది.”

గవరమ్మ నీళ్లకు అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఉన్న మహాలక్ష్మమ్మ తమ్ముడు నూకన్నకు ఫోన్ చేసింది. బావకు వ్యానులోనే రక్తం ఎక్కిస్తున్నారని చెప్పింది. నూకన్న వలలు ఒడ్డున పడేసి, ఇంటిల్లిపాదినీ పడవెక్కించుకుని వచ్చేశాడు. వస్తూనే కన్నారావు కాళ్లు పట్టి బయటికి లాగాడు. మహాలక్ష్మమ్మ గభాలున సిలిండర్ కట్టేసింది.

“ఒదలరా. ప్రెషర్ నాది కాదు, గ్యాసుది.”

“అదే బావా, గ్యాసే గుండె మీదకొచ్చీసింది. సూడండి, ఎలా సెమట్లు పోసీసినాయో.”

అక్క చెప్పబోయింది కానీ, హోప్ టౌన్ ఏడుపుల్లో ఎవరికీ వినబడలేదు. కన్నారావును నలుగురూ ఎత్తి ఆటోలో పడేశారు. మహాలక్ష్మమ్మ వ్యాను దగ్గరే మిగిలిపోయింది.

“క్యా తక్లీఫ్ హై?” బాధేమిటని ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు.

కన్నారావు ధ్యాసంతా స్క్రూ మీదే ఉంది. “పదకొండు ఉండాలి సార్. ఎంత తిప్పినా ఎనిమిదే.”

డాక్టరు బీపీ చూశాడు. బాగానే ఉంది. మనిషి ముఖం మళ్లీ చూశాడు. నూకన్నను పక్కకు పిలిచి, రెండు రోజులు మంచం దిగనివ్వొద్దన్నాడు.

ఇంటికి వచ్చేసరికి వ్యాను లేదు. కన్నారావు భార్యకు ఫోన్ చేశాడు.

“కలకత్తా వాళ్లొచ్చీసినారు, బయల్దేరీసినాం,” అంది మహాలక్ష్మమ్మ. “పదకొండుకి తెచ్చీసి, సబ్బునీళ్లతో లీకు కూడా సూసీసాను. ఫ్రిజ్‌లో ఐసు కడతాంది.”

“నీకెలాగ వచ్చింది?”

“పొద్దున్నించీ స్కేలు సదివినది నేనే కదా. నువ్వు తిప్పినప్పుడల్లా దిగింది. నేను రెండోవైపు తిప్పినాను.”

కన్నారావు ఫోను పెట్టేశాడు. తర్వాత చిడియాటాపు వెళ్లడానికి చెప్పులేసుకోబోయాడు.

నూకన్న చెప్పులు దాచేశాడు. రెండు రోజులపాటు హోప్ టౌన్ బంధువులు వంతులవారీగా అతనికి గంజి పట్టారు.