మందు ఒకటే, మోచేతులు రెండు

ఆ ఉదయం వడ్రంగి ఒక నిర్ణయానికొచ్చాడు. మోచేతి నొప్పికి వైద్యం చేయించుకోవాలి, సోమవారం కొత్త భవనంలో తలుపులన్నీ తనే బిగించాలి. ఆ పని చేజారితే ఇక విరిగిన కుర్చీలు అతికించుకుంటూ బతకాల్సిందే. బావమరిది కూడా వెంట బయలుదేరాడు. ఇద్దరూ కలిసే స్క్రూలు బిగిస్తారు కనుక నొప్పిని కూడా పొత్తులోనే తెచ్చుకున్నారు.

"దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు," అన్నాడు డాక్టరు.

"నేను జన్మలో బ్యాటు పట్టలేదండీ!" అన్నాడు వడ్రంగి.

"స్క్రూడ్రైవర్ పట్టారుగా, చాలు. స్టెరాయిడ్ మందు సూదితో ఎక్కించవచ్చు. లేదంటే మోచేతి మీద మందు పట్టీ పెట్టి, సన్నటి కరెంటుతో లోపలికి పంపవచ్చు. ఏదైనా సరే, చేతికి విశ్రాంతి ఇవ్వాలి."

సూది పేరు చెబితేనే వడ్రంగికి పై ప్రాణాలు పైనే పోతాయి. పట్టీ చాలన్నాడు. బావమరిది దర్జాగా సూదికి చెయ్యి చాచాడు.

"చూస్తూ ఉండు బావా, నాదే ముందు తగ్గుతుంది."

"తేల్చుకుందాం రా!"

తేల్చుకోవడానికి వంటింట్లో సీసాలు దొరికాయి. ఒకరు మూత బిగించాలి, రెండోవారు విప్పాలి. బావమరిది బిగించిన పంచదార సీసాను వడ్రంగి విప్పేశాడు. వడ్రంగి బిగించిన ఉప్పు సీసా మాత్రం బావమరిది పళ్లు కొరికినా కదల్లేదు. ఆ ఉక్రోషంతో అతను కాఫీపొడి సీసా మీద పడ్డాడు. మర్నాటికి ఇంట్లో తెరుచుకునే సీసా ఒక్కటీ మిగల్లేదు. ఇద్దరి నొప్పీ మొదటికొచ్చింది. ఒప్పుకుంటే ఓడినట్టే కనుక ఇద్దరూ నవ్వుతూనే తిరిగారు.

ఇదేమీ తెలియని ఇల్లాలు కాఫీ పెట్టబోయింది. మూత రాలేదు. గుడ్డ చుట్టింది, మొగుడి పట్టుకారు తెచ్చింది. ఆవిడా ఆ తమ్ముడికి అక్కే, వదిలే రకం కాదు. చివరికి మూత వచ్చింది, దాని వెనకే కెవ్వున కేక కూడా వచ్చింది.

శనివారం ముగ్గురూ డాక్టరు ముందు కూర్చున్నారు.

"రెండింట్లో ఏది మేలో తేలిందా డాక్టరుగారూ?" వడ్రంగి ఆశగా అడిగాడు.

"మీరు తేలనిస్తేగా! ఏ మందుకైనా పనిచేసే సందు ఇవ్వాలి కదయ్యా. ముగ్గురూ చెయ్యి కదపకూడదు. సోమవారం మాట మరిచిపోండి."

వడ్రంగికి ఏడుపొక్కటే తక్కువ. డాక్టరు ఇల్లాలి వైపు తిరిగాడు.

"మీకు సూదా, పట్టీయా అమ్మా?"

"ఏదైనా ఫరవాలేదండీ. ఏది ఇచ్చారో వీళ్లకు మాత్రం చెప్పకండి. మళ్లీ పందెం కాస్తారు."

సోమవారం ఆ తలుపులన్నీ పక్క వీధి వడ్రంగి బిగించాడు. అతనికి బావమరిది లేడు.