ప్యానెల్‌కి కాపలా

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చిన్నది. కంప్యూటర్‌లో టెస్టును నడవనిచ్చి స్నానం చెయ్యాలి. అది పాసైతే రెండు ముద్దలు తిని ఆఫీసుకు బయల్దేరాలి.

మందుల దుకాణాలవాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ అది. గడువు తీరిన మందుల వివరాలు తెర కుడి అంచున ఒక ప్యానెల్‌లో దాక్కుని ఉంటాయి. మౌస్ బాణం అంచును తాకితేనే ప్యానెల్ బయటికి జారుతుంది. మనిషి చెయ్యి పడకుండా బాణం తనంతట తానే వెళ్ళి, ప్యానెల్‌ని బయటికి రప్పించి, బొత్తాలన్నీ నొక్కి చూసేలా కోడలు ఒక స్క్రిప్టు రాసింది. కొత్త ఉద్యోగం. ఈ పని నెగ్గితేనే ఖాయం చేస్తానని మేనేజరు చెప్పాడు.

"మామయ్యా, ఇది నడుస్తున్నంతసేపూ ఎవర్నీ మౌస్ ముట్టుకోనివ్వకండి."

"నువ్వెళ్ళమ్మా, నేను చూసుకుంటాగా."

మామగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఛార్జర్ కోసం వచ్చిన కొడుకును గుమ్మం దగ్గరే ఆపేశారు.

"అక్కడే ఉండు! అమ్మాయి పని నడుస్తోంది."

"ఫోను చచ్చిపోతోంది నాన్నా."

"పోతే పోనీరా. నువ్వు బతికే ఉంటావుగా."

కోడలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి తెర మీద అంతా పచ్చగా ఉంది. పాస్!

అదే స్క్రిప్టు ఆఫీసులో నడిపితే ఎర్రగా వచ్చింది. ప్యానెల్ తొంగి కూడా చూడలేదు. మర్నాడు ఇంట్లో మళ్ళీ పాసైంది, ఆఫీసులో మళ్ళీ ఫెయిలైంది. తప్పు ఆఫీసు కంప్యూటర్లదన్నారు. మేనేజరు ఆమె కంప్యూటర్‌నే అక్కడికి తెప్పించాడు. అదీ ఆఫీసు గుమ్మం దాటగానే చెడిపోయిన పిల్లాడిలా ఫెయిలైంది.

"ఇంట్లో దానికి ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం చెయ్యను సార్. స్నానానికి వెళ్తాను."

ఆ సమాధానం ఆఫీసులో ఎవరికీ పనికి రాలేదు.

కొనేవాళ్ళకు చూపించాల్సిన రోజు దగ్గర పడింది. కోడలికి అన్నం సయించడం లేదు. చివరికి మేనేజరే ఒక ఉదయం ఇంటికి వచ్చాడు. కోడలు రోజూలాగే స్క్రిప్టు మొదలుపెట్టి, మామగారికి రోజూలాగే చెప్పి, గది బయటికి నడిచింది. ఇద్దరూ కర్టెన్ వెనక నిలబడి చూశారు.

బాణం కుడివైపు పోయి, అంచుకు కాస్త ఇవతలే ఆగిపోయింది. మామగారు అటూ ఇటూ చూశారు. చిటికెన వేలితో మౌస్‌ని నెమ్మదిగా నెట్టారు. ప్యానెల్ జారుకుంటూ బయటికి వచ్చింది.

"వెళ్ళు తల్లీ, వెళ్ళు," అన్నారు దానితో.

"మామయ్యా!"

ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నారు. "ఎవర్నీ ముట్టుకోనివ్వలేదమ్మా. ఒట్టు."

"మరి మీరు?"

"నేను ఎవరో ఎలా అవుతాను? ఇంట్లోవాణ్ణేగా." తల దించుకుని మళ్ళీ అన్నారు. "నువ్వు చేత్తో జరిపేటప్పుడు అంచుదాకా పోనిస్తావు. ఇది పోలేక ఆగిపోతోంది. పాసవ్వకపోతే నీ ఉద్యోగం నిలవదని మావాడితో అంటుంటే విన్నాను. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోను?"

కోడలు కోప్పడాలనే నోరు తెరిచింది. కానీ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ఎంత నెట్టారు మామయ్యా?"

"గోరంత."

స్క్రిప్టు తెరిచి చూసింది. అంచు ఎక్కడుందో అప్పట్లో పాత చిన్న తెర మీద కొలిచి అందులో రాసింది. ఇప్పటి తెరలన్నీ అంతకంటే కాస్త వెడల్పు. ఆ గోరంతా కలిపి మళ్ళీ నడిపింది. ఈసారి మేనేజరు మామగారి చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. ప్యానెల్ తనంతట తానే వచ్చింది. తెర పచ్చబడింది.

"కొనేవాళ్ళ ముందూ ఇలాగే నడిపించు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు," అని మేనేజరు చేతులు వదిలాడు.

మామగారి ముఖం మాత్రం చిన్నబోయింది. "అయితే ఇక నాతో పని లేదన్నమాట."

"ఎందుకు లేదు? ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదుగా," అంది కోడలు. "మిమ్మల్ని కూడా."

మర్నాడు ఉదయం టెస్టు హాయిగా పాసైంది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడానికి మామగారే నానా అవస్థా పడ్డారు.