పెన్ డ్రైవ్‌లో లేని గేదె

ఈ లోకంలో గేదెలు రెండు రకాలు. పెన్ డ్రైవ్‌లో ఉన్నవి, లేనివి. మొదటి రకం చుక్క పాలివ్వకపోయినా చట్టం దృష్టిలో నిఖార్సయిన గేదెలు. రెండో రకం పూటకు కుండెడు పాలిచ్చినా సరే, అవి వట్టి నల్లటి అనుమానాలు. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత మా ఊరి తిరుగుబోతు పశువుల గుర్తింపు మరియు విడుదల ఉప కార్యాలయానికే దక్కుతుంది. (ప్రధాన కార్యాలయం యాడుందో ఎవరూ ఎరగరు. ఉప కార్యాలయమే ఇట్టా ఉంటే, అసలుది దొరక్కపోవడం మన పూర్వజన్మ సుకృతం.)

మా వీధిలో మార్తమ్మక్కకు ఒక బర్రె ఉంది. పేరు రాణి. ఈని ఇంకా నెల తిరగలేదు. ఆ బర్రె పాలు అమ్మితేనే మార్తమ్మక్క పొయ్యి వెలుగుతుంది, ఆ పాలు వస్తేనే మా ఇంట్లో కాఫీ కలుస్తుంది. ఒకరోజు పొద్దున్నే అది పలుపు తెంచుకొని నాదెండ్ల రోడ్డెక్కింది. పోయింది పోయినట్టు ఉండక, ఆ కార్యాలయం గేటుకు కట్టిన ‘స్వాగతం’ ఫ్లెక్సీని సగం దాకా నమిలింది. సిబ్బంది బయటికొచ్చి పట్టుకొని, వెనకున్న బందెలదొడ్లో వేసి తాళం పెట్టారు. నేరం, తిరుగుబోతుతనం మరియు ప్రభుత్వ స్వాగతాన్ని జీర్ణించుకోవడం.

ఇక్కడ ఇంట్లో దూడ ఒకటే అరుపు. డబ్బాపాలు కలిపి సీసాతో పడితే మూతి తిప్పుకుంటుంది, బలవంతాన పోస్తే పారుకుంటుంది. డొక్కలు లోపలికి పోయినయ్యి.

"తమ్ముడా, తల్లి బిరాన రాకపోతే ఈ దూడ దక్కదు. దూడ పోతే బర్రె చేపదు. అది పాలు చేపకపోతే నేనూ నా కూతురూ ఏం తిని బతకాల?" అన్నది మార్తమ్మక్క. నేను నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలనని వీధిలో ఒక అపోహ ఉంది. అందుకని నన్ను వెంటేసుకొని కార్యాలయానికి బయలుదేరింది.

అక్కడి అధికారి త్రికోటేశ్వరరావు గారు చానా మర్యాదస్తులు. ఎవరినీ ‘పో’ అనరు, ‘రేపు రా’ అంటారు.

"ఇది నీ గేదేనని ఆధారమేందమ్మా?" అన్నారు.

"పిలిస్తే పలుకుద్దయ్యా" అని మార్తమ్మక్క కిటికీ దగ్గరికెళ్ళి "రాణీ!" అని కేకేసింది. వెనక దొడ్లోంచి బర్రె గోడలదిరేలా అరిచింది. కట్టుకొయ్య పీక్కునే దాకా పోయిందని కాపలా మనిషి పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

త్రికోటేశ్వరరావు గారు తల పంకించారు. "పలికిన మాట నిజమే. అయితే అది రాణి కాబట్టి పలికిందా, ఊరికే పలికిందా అన్నది తేలాల్సి ఉంది. యజమానీ పశువూ ఒకే దృశ్యంలో కనబడే వీడియో ఉండాలమ్మా. నిబంధన."

వీడియో ఉంది. రాణి ఈనిన రోజు కూతురు జాస్మిన్ ఫోన్లో తీసింది. మార్తమ్మక్క సంబరంగా ఫోను తీసి చూపించబోయింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఫోను వ్యక్తిగతం, అందులోది చూస్తే ఆమె ఏకాంతానికి భంగమట. "పెన్నులో తీసుకొని రేపు రా."

ఆ కార్యాలయంలో పెన్ డ్రైవ్‌ను అందరూ ముద్దుగా పెన్ను అంటారు. ఈ సంగతి మార్తమ్మక్కకేం తెలుసు? సర్కారు పని అంటే సంతకాలు గదా, సారు దగ్గర పెన్ను లేదేమో, అడిగినప్పుడు ఇవ్వకపోతే బాగుండదు అనుకుంది. మర్నాడు నాకు చెప్పకుండానే కొట్టుకెళ్ళి ఒక కొత్త పెన్ను కొని పట్టుకెళ్ళింది. కొట్లో నీలంవి అయిపోయి వంగపండు రంగు సిరాది ఉంటే అదే తీసుకుంది. త్రికోటేశ్వరరావు గారు మూత తీసి, అరచేతి మీద గీసి చూసి, జేబుకు పెట్టుకున్నారు. ఏ పరిశీలనా లేకుండా ఆ కార్యాలయం గుర్తించిన వస్తువు నాకు తెలిసి ఇప్పటివరకూ అదొక్కటే.

"బాగుందమ్మా. కానీ ఇది కాదు. పెన్ను. పెన్ను!" అని చేత్తో ఏదో గుచ్చినట్టు చూపించారట. ఆ సాయంత్రం ఆమె వచ్చి "సారు ఏందో గుచ్చమంటన్నాడు తమ్ముడా, సూదిమందా?" అని నన్నడిగింది.

బస్టాండు లైన్లో సెల్లు కొట్టు అల్తాఫ్ దగ్గరికి తీసుకుపోయా. అతను ఫోన్లోంచి వీడియోను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కొట్లో టీవీకి పెట్టి మరీ చూపించాడు. తెర నిండా రాణి, దాని కాళ్ళ కింద తడిసిన దూడ, పక్కన నవ్వుతున్న మార్తమ్మక్క. రోడ్డున పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

"ఇంకేం కావాలి పిన్నీ, సినిమా లెక్కుంది. వాళ్ళు టిక్కెట్టు పెట్టుకోవచ్చు" అన్నాడు అల్తాఫ్.

మర్నాడు ఆ పెన్నును కంప్యూటర్ ఆపరేటర్ సుహైల్ చేతిలో పెట్టాం. గుచ్చాడు, పోలేదు. తిరగేసి గుచ్చాడు, పోలేదు. మళ్ళీ మొదటి వైపే తిప్పి గుచ్చితే పోయింది. (ఇది భూమ్మీద ఎక్కడైనా ఇంతే. దీనికి మాత్రం మా ఉప కార్యాలయాన్ని తప్పుపట్టను.) టంగుమని ఒక చప్పుడు. తెర మీద ఒక ముక్క వచ్చింది. ‘పరికరాన్ని గుర్తించలేదు.’

సుహైల్ దాన్ని పీకి, చొక్కాకు తుడిచి, దిష్టి తీసినట్టు ఉఫ్ ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టాడు. గుర్తించలేదు. పీకాడు, పెట్టాడు. గుర్తించలేదు.

"వేరే పోర్టులో పెట్టు బాబూ" అన్నా.

"ముందున్న ఇంకోదాంట్లో సారు ఫోను చార్జింగు పెట్టుకుంటారండీ. దాని పక్కది దోమల బ్యాటుది. వెనక ఇంకో రెండున్నాయి గానీ, బీరువా అడ్డం. బీరువా జరపాలంటే స్టోరు ఇన్‌చార్జి అనుమతి కావాలి."

"ఆ ఇన్‌చార్జి ఎవరు?"

"నేనే."

"అయితే జరుపు."

"ఊరికే జరపకూడదండీ. నాకు నేను దరఖాస్తు పెట్టుకోవాలి."

పెట్టుకున్నాడు. కారణం సరిగా చూపలేదని మొదటిసారి తనే తిప్పి పంపాడు. రెండోసారి మంజూరు చేసుకొని, తనకు తనే ధన్యవాదాలు చెప్పుకొని బీరువా జరిపాడు. వెనక పోర్టులోనూ గుర్తించలేదు. చివరికి కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశాడు. ‘అప్‌డేట్ జరుగుతున్నది, దయచేసి ఆపవద్దు’ అంటూ తెర మీద చుక్కలు గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టాయి. ఆ చుక్కలు తిరుగుతుండగానే ఆఫీసు వేళ అయిపోయింది.

ఆ మరుసటి పూట నేను గోడ మీద కాగితాలు చదువుతూ కూర్చున్నా. ఎడమ గోడ మీద ఒక ఉత్తర్వు, ఆధారాలన్నీ పెన్ డ్రైవ్ రూపంలోనే స్వీకరించవలెను. కుడి గోడ మీద ఇంకో ఉత్తర్వు, వైరస్ ప్రమాదం దృష్ట్యా బయటి పెన్ డ్రైవ్‌లను కార్యాలయ కంప్యూటర్ గుర్తించరాదు. రెండింటి కిందా త్రికోటేశ్వరరావు గారి సంతకమే. ఇదేందండీ అని అడిగా.

"మొదటిది ప్రజల సౌకర్యం కోసం. రెండోది కంప్యూటర్ సౌకర్యం కోసం. ఇద్దరికీ న్యాయం చెయ్యాలి గదా" అన్నారు చల్లగా. ఎద్దు ఈనిందంటే దూడను గాట్లో కట్టెయ్యమన్న పెద్దమనిషి ఎవరా అని చిన్నప్పటినుంచీ నాకు అనుమానం. ఆ వంశం మా ఊళ్ళోనే స్థిరపడిందన్నమాట. నా పక్కన ముప్పాళ్ళ నుంచి వచ్చిన మేకలాయన కూర్చొని ఉన్నాడు. ఒక్కో మేకకు ఒక్కో పెన్ను తెమ్మన్నారట. ఆయన సంచీ గలగలలాడుతుంది.

అంతలో అటెండరు అందరికీ టీ తెచ్చాడు. ఆ కార్యాలయంలో టీ బ్రహ్మాండంగా ఉంటుందని ఈ మధ్యే పేరొచ్చింది. మార్తమ్మక్క ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు.

"ఇవి మా రాణి పాలయ్యా" అన్నది. "నా చేతులతో పిండిన పాలు నాకు తెలవదా? ఆడ దూడ డొక్కలెండి పడుంటే, తవుడు ఎరచూపి ఈడ మీరు టీ కాచుకుంటన్నారా?"

నాకు ఒళ్ళు మండింది. సిగ్గు లేకపోతే సరి! త్రికోటేశ్వరరావు గారు మాత్రం గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసి, ఇంకో గుక్క తాగి, చప్పరించారు. దున్నపోతు మీద వాన కురిసిందంటే దున్నపోతుకు అవమానం.

"రుచి బలమైన ఆధారమేనమ్మా, నేను కాదనను" అన్నారు. "ఆ రుచిని పెన్నులో ఎక్కించుకొని రా."

నేను గొంతు పెంచాను. పెంచితే పెంచాను గానీ ఫలితమేమంటే, ఒక్క గేదె మట్టుకు కుడి గోడ ఉత్తర్వును సడలిస్తూ ఎడమ గోడ ఉత్తర్వు కింద ఆయన ఒక చీటీ అంటించారు. సుహైల్ ఏవేవో నొక్కి కంప్యూటర్‌లో బయటి పెన్నులకు తలుపు తీశాడు. పెన్ను గుచ్చాడు. ఈసారి కంప్యూటర్ కసరలేదు. ఇన్ని పూటలు పీకీ పెట్టీ, తుడిచీ ఊదీ దాని ప్రాణం తోడేశారు గదా, అది వేరే మాట అడిగింది.

"సార్, దీన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలంట. చెయ్యమంటారా అని అడుగుతుంది."

"అంత మర్యాదగా అడుగుతుంటే కాదంటామా?" అన్నారు త్రికోటేశ్వరరావు గారు.

"ఒరేయ్, ఆగరా!" అని నేను అరిచేలోపల సుహైల్ నొక్కేశాడు. ఆ కార్యాలయంలో ఏదైనా వెంటనే జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఒక క్షణంలో పెన్ డ్రైవ్ కడిగిన పళ్ళెంలా అయింది. తెర మీద సగర్వంగా వచ్చింది, ‘పరికరాన్ని గుర్తించడమైనది.’ సిబ్బంది చప్పట్లు కొట్టారు.

"తెరువు" అన్నారు సారు. తెరిచాడు. ఖాళీ.

"గేదె లేదే!"

"మీరే తుడిచేశారండీ" అన్నా. "ఫోన్లో ఇంకా ఉంది, మళ్ళీ ఎక్కించుకొస్తాం."

"ఒక పశువుకు ఒక్కసారే పరిశీలన" అని జేబులోంచి పెన్ను తీశారు. నిజం పెన్ను. ఫైలు మీద వంగపండు రంగులో గుండ్రంగా రాశారు. ‘పెన్ డ్రైవ్ క్షుణ్ణంగా పరిశీలించడమైనది. అందులో గేదె లేదు. కావున గేదె లేదు.’

నేను ఆ ముక్కనే రెండుసార్లు చదువుకున్నా. మార్తమ్మక్క మాత్రం కళ్ళు తుడుచుకొని ముందుకొచ్చింది.

"గేదె లేదా అయ్యా?"

"లేదమ్మా."

"దొడ్లో కూడానా?"

"రికార్డు ప్రకారం దొడ్డి ఖాళీ."

"అదే ముక్క ఒక కాగితం మీద రాసియ్యండి. ఇంటికెళ్ళి నా కూతురికి చూపించుకుంటా."

అడిగింది ఇవ్వగలిగే అవకాశం ఆ ఉద్యోగంలో ఆయనకు ఎన్నడూ వచ్చినట్టు లేదు. ముచ్చటపడి రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టారు. మార్తమ్మక్క ఆ కాగితం పట్టుకొని తిన్నగా బందెలదొడ్డికి పోయింది. కాపలా మనిషి చదివాడు. దొడ్డి ఖాళీ అని పెద్ద సారే రాశాక ఖాళీ దొడ్డికి తాళమెందుకని గొణుక్కుంటూ గొళ్ళెం తీశాడు. మార్తమ్మక్క "దా నా తల్లీ" అన్నది. బర్రె ఆమె భుజానికి మూతి రుద్ది, నాకి, వెంట నడిచింది.

త్రికోటేశ్వరరావు గారు టీ గ్లాసుతో కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. లేని గేదె నడిచి వెళ్ళిపోతుంటే ఎవరు ఆపాలన్నది నిబంధనల్లో ఎక్కడా లేదు. సుహైల్‌ను వెతకమన్నారు గానీ కంప్యూటర్ మళ్ళీ అప్‌డేట్‌లో ఉంది.

ఇంటికి రాగానే దూడ లేవలేక లేచి, తూలుకుంటూ పోయి తల్లి పొదుగులో మూతి పెట్టింది. అది గుటకలేస్తుంటే జాస్మిన్ ఏడ్చింది, నేనూ ఏడ్చా. దాచుకోవడమెందుకు? దూడ దక్కింది. మా ఇంట్లో మళ్ళీ కాఫీ కలిసింది.

నిన్న మార్తమ్మక్క ఇంటికి ఒక తాఖీదు వచ్చింది. ఉప కార్యాలయంలో టీ హఠాత్తుగా పల్చబడిందనీ, సిబ్బంది మనోధైర్యం దెబ్బతిన్నదనీ, దీనికి కారకురాలైన ఆమె సంజాయిషీ ఇచ్చుకోవాలనీ, దాన్ని పెన్ డ్రైవ్‌లో సమర్పించాలనీ రాశారు. ఇన్నాళ్ళూ ఆమె ఎవరో, ఆమె బర్రె ఏదో తేల్చుకోలేని ఆ కార్యాలయం, ఆమె ఇంటిపేరు, భర్త పేరు, తలుపు నంబరు, చివరికి పక్కనే నేనుంటానన్న సంగతితో సహా ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసింది. కింద సంతకం వంగపండు రంగు సిరాతో ఉంది. దాన్ని మార్తమ్మక్క చూడగానే గుర్తుపట్టింది.