ఆముదం ముందు ముప్పైతొమ్మిది సున్నాలు

ఆ రోజు పొద్దున జీవమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: మొగుడికి ఇంత జొన్నరొట్టె పెట్టి వేళకు బడికి పంపడం. కోయిలకుంట్ల బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజది. "పాఠం కంటికి చూపించాలయ్యా. వచ్చే ఏడూ నోటితోనే చెబితే వేరే అయివారిని చూసుకుంటాం" అని పోయినేడే ఆయన చెప్పిపోయాడు. ఆమె మొగుడు, ఆ బడిపంతులు ప్రకాశం అయివారి ఉద్యోగం ఇక ఈ ఒక్క పాఠం మీదే ఉంది.

జీవమ్మ దిగులు మాత్రం వేరు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో తల దువ్వుకోమంటే విననివాడు, నాలుగు రోజులుగా నల్ల రబ్బరు దువ్వెన పట్టుకుని ఒకటే దువ్వుకుంటున్నాడు. సాయంత్రం వస్తే చొక్కా నిండా దూది పోగులు. ఆ వీధిలో దూది ఏకేది బషీరాబీ ఒక్కతే.

"ఇన్‌స్పెక్టరు కోసమైతే ఒక్క దినం దువ్వుకుంటాడు. నాలుగు దినాలెందుకు మే?" అని పక్కింటి గంగక్క అగ్నికి ఆజ్యం పోసింది.

జీవమ్మ ఆముదం గిన్నె తెచ్చింది. "కూకో. దొర ముందరికి ఎండుగడ్డి మాదిరి తలతో పోతావా?"

"వద్దు జీవమ్మా! ఈ ఒక్క దినం నూనె వద్దు!"

"ఏం, ఎందుకొద్దు?"

"చెప్పినా నీకు తెలీదులే."

ఇంకేం కావాలి? గిన్నెడు ఆముదమూ అతని నడినెత్తిన పడింది. అతను మొహం వేలాడేసుకుని పోయాక, నేనేం తీసిపోయానా అని జీవమ్మ సీకాయతో తలకు పోసుకుంది. చలికాలపు ఎండలో జుట్టు ఆరగానే, దాన్ని అట్లే విరబోసుకుని, మొగుడి దువ్వుడు ఎవరికోసమో తేల్చుకుందామని బడికి బయలుదేరింది. చూస్తే ముందర బషీరాబీ! దూది బుట్టతో నేరుగా బడిలోకే పోతోంది. జీవమ్మకు ఒళ్ళు మండిపోయింది.

తలుపు చాటున నిలబడి లోపలికి చూసింది. నల్లబల్ల మీద రెండు అనే అంకె, దాని పక్కన ముప్పైతొమ్మిది సున్నాలు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో ఉన్నాడు.

"పరమాణువులోని రెండు అతి చిన్న రేణువుల మధ్య, బరువు వల్ల పుట్టే లాగుడు కంటే విద్యుత్తు లాగుడు ఇన్ని రెట్లండీ," అంటున్నాడు ప్రకాశం. "ఈ దూదిని భూమి అంతా కలిసి కిందికి లాగుతాంది. అయినా తల దువ్విన దువ్వెన దీన్ని పైకి లేపుతుంది, చూడండి."

దువ్వి, దువ్వెనను దూది మీద పట్టాడు. దూది కదల్లేదు. మళ్ళీ దువ్వాడు. ఈసారి దువ్వెన కొసనుంచి ఆముదం చుక్క జారి దూది మీద పడింది.

"భూమే గెలిచినట్టుంది," అంటూ ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

ప్రకాశం నూనె పడిన దూదిని పక్కకు తీశాడు. "నాలుగు దినాల నుంచి బషీరాబీ ఇచ్చిన దూదితో చేస్తాండా సామీ, ఒక్కసారీ తప్పలేదు. పొద్దున ఇంట్లో ఆముదం..."

దువ్వెన, దూది, నూనె వద్దన్న మాట, అన్నీ జీవమ్మకు ఒక్కసారిగా తెలిసొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయింది. కానీ కలం కాగితం మీదికి దిగుతోంది, సిగ్గుపడడానికి వేళ కాదు. పరుగున వచ్చి, దువ్వెన లాక్కుని, కొంగుతో తుడిచి, తన జుట్టులో పదిసార్లు బరబరా దువ్వింది. చిటపటమంది. దూది దగ్గర పెట్టగానే పోగులన్నీ ఎగిరి దువ్వెనకు అతుక్కున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"అక్కా, ఇంగ కొంచెం దూది కావాల్నా?" అంది బషీరాబీ సంబరంగా. జీవమ్మ ఆమె మొహం చూడలేకపోయింది.

"ఈమె ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా భార్య అండీ."

"మరి ఆ ఆముదం పోసిందెవరు?"

"ఈమేనండీ."

ఇన్‌స్పెక్టరు రిజిస్టరు ముందుకు లాక్కుని రాశాడు: "ప్రయోగం నెగ్గినది. అయివారిని కొనసాగించవచ్చును. ఇకమీదట పాఠము ముందుగా భార్యకు చెప్పవలెను."